లేహ్‌లో క్రిస్మస్ – చలిలో కెమెరా సెల్లులు

మన కోస్తా జిల్లాలలో చలికాలం వచ్చిందనడానికి గుర్తులు చిన్నవి. సీసాలో కొబ్బరినూనె గడ్డకడుతుంది. రాత్రి తోడువేసిన పాలు తెల్లవారేసరికి సరిగా తోడుకోవు. ఇల్లాలు గిన్నెకు పాత తువాలు చుట్టి పొయ్యిగట్టు పక్కన పెడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి డిసెంబరు, జనవరి నెలల్లో జనం బండ్లు కట్టించుకొని వెళ్ళి, ఆ చలిని చూచి వచ్చి ఏడాదంతా చెప్పుకొంటారు. అటువంటి మనకు, కుళాయిలోనే నీళ్ళు గడ్డకట్టే ఊరు ఎట్లుంటుందో ఊహకు అందదు.

లడఖ్‌లోని లేహ్ అటువంటి ఊరు. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున, అనగా పదకొండున్నర వేల అడుగుల మీద ఉన్నది. 2019 అక్టోబరు 31 నుండి లడఖ్ కేంద్రపాలిత ప్రాంతము. వేసవిలో అక్కడికి వెళ్ళేవారు చాలామంది. చలికాలంలో రాత్రిపూట ఉష్ణము మైనస్ పది, పదిహేను డిగ్రీలకు దిగినప్పుడు వెళ్ళేవారు తక్కువ. మేము 2023 డిసెంబరులో వెళ్ళాము. ఆ ప్రయాణంలో కెమెరా సెల్లుల గూర్చి మేము తెలిసికొన్న సంగతులు చదువరులకు ఉపయోగపడతాయని ఇక్కడ వ్రాస్తున్నాము. కెమెరా లేనివారికైనా ఇంట్లో టార్చిలైటు ఉంటుంది గదా!

ఎందుకు వెళ్ళామంటే

మా సంఘంలోని ఒక కుటుంబం వారి అబ్బాయి సైన్యంలో జవాను. మన ఊళ్ళలో సైన్యానికి పిల్లలను పంపిన ఇళ్ళు తక్కువేమీ కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం ‘మిలటరీ మాధవరం’ అనే పిలుస్తారు. మా అబ్బాయికి ఆ సంవత్సరం లడఖ్‌లో డ్యూటీ పడింది. జనవరి నుండి పైనున్న పోస్టుకు వెళ్ళాలనీ, అక్కడినుండి ఫోను దొరకడం కష్టమనీ కబురు చేశాడు. క్రిస్మస్‌నాడు లేహ్‌కు దిగి కొన్ని గంటలు ఉండడానికి అనుమతి దొరుకుతుందన్నాడు.

ఆ తల్లిని మేము అక్కా అని పిలుస్తాము. మేము లేహ్ వెళ్ళాలని అనుకొంటున్నామని తెలిసి ఇంటికి వచ్చింది. “తమ్ముడూ, ఫోనులో వాడి బొమ్మ పంపుతాడు. చూద్దామంటే చెయ్యి తగిలి జరిగిపోతుంది. పోయిన ఏడు ఫోను నీళ్ళలో పడి అన్నీ పోయాయి. మీ రీలు కెమెరాతో తీసి, గోడకు పెట్టుకొనేట్టు ఒక్కటి కడిగించి తెండి. చలిలో ఎట్లున్నాడో చూసుకుంటాను” అన్నది. అంతకుమించి ఏమీ అడగలేదు.

మాది యాషికా ఎఫ్‌ఎక్స్–3 సూపర్ 2000 కెమెరా. ఒకప్పుడు మన పట్టణాల స్టూడియోలలో, పెళ్ళిళ్ళలో దీనిని విరివిగా వాడేవారు. మాతో వచ్చిన మా బావమరిది దగ్గర చిన్న ఆటోమేటిక్ రీలు కెమెరా ఉన్నది; మీట నొక్కితే రీలు దానంతట అదే తిరుగుతుంది, ఫ్లాషు దానంతట అదే వెలుగుతుంది. ఈ రెండు కెమెరాలకూ చలిలో ఎంత భేదం ఉన్నదో అక్కడికి వెళ్ళాక కండ్లార చూచాము.

ప్రయాణము

లేహ్‌కు మనాలి నుండి వచ్చే రోడ్డు చలికాలంలో మంచుతో మూసుకుపోతుంది. శ్రీనగర్ రోడ్డు జోజిలా కనుమ మీదుగా రావాలి. దానినీ నమ్ముకోవడానికి లేదు. కాబట్టి ఢిల్లీ నుండి విమానంలో వెళ్ళాము. ఇక్కడ రెండు సంగతులు. విడిగా తీసుకువెళ్ళే లిథియం బ్యాటరీలను బరువు సామానులో వేయకూడదు, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. ఇది అన్ని విమానాలకూ ఉన్న నిబంధన. రెండవది, కడిగించని రీళ్ళను తనిఖీ యంత్రంలో వేయకుండా చేతితో చూడమని మర్యాదగా అడగాలి. కొత్త రకం యంత్రాల కిరణాలు రీలును మసకబారుస్తాయి. మేము రీళ్ళను ప్లాస్టిక్ డబ్బాలతో సహా ఒక పారదర్శకపు సంచిలో వేసుకొన్నాము. అధికారులు ఓపికగా చూచి ఇచ్చివేశారు.

విమానం దిగగానే ఊపిరి అందనట్టుంటుంది. మొదటి రెండు రోజులు మెట్లెక్కకుండా, బరువులెత్తకుండా, నీళ్ళు బాగా త్రాగుతూ విశ్రాంతిగా ఉండాలి. మేమూ అట్లే ఉన్నాము. మేము దిగిన ఇంటి యజమానురాలు ఏడు పదులు దాటిన పెద్దావిడ. అక్కడ పెద్ద వయసు స్త్రీలను ‘ఆమా–లే’ అంటారు. ఆమా అంటే అమ్మ. ‘లే’ అనేది మనం పేరు చివర చేర్చే ‘గారు’ వంటిది. ఎవరు ఎదురైనా ‘జూలే’ అంటారు. పలకరింపుకూ అదే, వీడ్కోలుకూ అదే, కృతజ్ఞతకూ అదే.

ఆ ఇంట్లో కుళాయిలు చలికాలమంతా కట్టివేసి ఉంటాయి. వాడుక నీళ్ళు బయటినుండి మోసి తెచ్చుకోవలసిందే. వంటగది నడుమ ‘బుఖారీ’ అనే ఇనుప పొయ్యి ఉన్నది. ఇంటిల్లిపాదీ దాని చుట్టే కూర్చుంటారు. ఉప్పు, వెన్న వేసిన టీ ఇచ్చింది ఆమా–లే. మొదటి గుక్క మింగడం కష్టమైనా, రెండవ రోజుకు అదే కావాలనిపించింది. ఉదయం ఏడు గంటలకు కిటికీ బయట కట్టిన థర్మామీటరు మైనస్ 11 చూపింది. గదిలో మూల పెట్టిన మా మంచినీళ్ళ సీసాలో పైన పలుచటి మంచుపెంకు కట్టింది.

సెల్లు చావదు, మొద్దుబారుతుంది

సెల్లు అంటే కరెంటును నింపిపెట్టిన డబ్బా అని మనం అనుకొంటాము. నిజానికి అందులో ఉన్నవి రసాయనాలు. అవి ఒకదానితో ఒకటి కలిసి మారుతున్నప్పుడే కరెంటు పుడుతుంది. చలిలో పాలు తోడుకోవడం ఎట్లా మందగిస్తుందో, ఈ రసాయనపు పని కూడా అట్లే మందగిస్తుంది. లోపల ద్రావకం చిక్కబడి కరెంటు నడిచే దారి ఇరుకవుతుంది. సెల్లులో సరుకు ఉన్నా బయటకు రాదు.

మన పల్లెల్లో పెద్దలకు ఈ సంగతి వేరే విధంగా ఎప్పుడో తెలుసు. రేడియో సన్నగా పలికినప్పుడు, టార్చి వెలుగు ఎర్రబడినప్పుడు సెల్లులు తీసి ఎండలో పెట్టేవారు. మధ్యాహ్నం ఎండకు కాగిన సెల్లులు సాయంత్రం వార్తలు వినేంతవరకు పనిచేసేవి. ఎండ సెల్లులో కొత్త కరెంటు పోయలేదు. వేడికి లోపలి రసాయనాలు చురుకుగా కదిలాయి, అంతే. చలిలో జరిగేది దీనికి సరిగ్గా తలక్రిందులు. అందుకే చలికి ఆగిన సెల్లును పారవేయకూడదు. వెచ్చబడితే తిరిగి లేస్తుంది.

అయితే అన్ని పనులూ ఒకేసారి ఆగవు. ఊళ్ళో వోల్టేజి తగ్గినప్పుడు ఇంట్లో బల్బు మసకగానైనా వెలుగుతుంది. చేలో బోరు మోటారు మాత్రం లేవదు. కెమెరాలోనూ ఇంతే. లైట్ మీటరుకు కావలసిన కరెంటు చాలా కొద్ది. రీలు త్రిప్పే మోటారుకు, లెన్సును ముందుకు నెట్టే మోటారుకు, ఫ్లాషుకు కావలసింది ఎక్కువ. చలిలో మొదట నిలిచిపోయేవి ఇవే.

సెల్లు రకాన్ని బట్టి కూడా భేదం ఉన్నది. మనం అంగట్లో కొనే మామూలు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులో ద్రావకం నీటితో చేసినది. సున్నా డిగ్రీల దగ్గరనుండే దాని బలం తగ్గుతూ వస్తుంది. దానికి మైనస్ 18 డిగ్రీలే హద్దని చేసేవారే చెబుతారు. అదే సైజులో 1.5 వోల్టుల లిథియం సెల్లు దొరుకుతుంది. అందులో నీరు ఉండదు. మైనస్ 40 వరకు పనిచేసేటట్టు చేస్తారు. తూకం కూడా తక్కువ: ఆల్కలైన్ సుమారు 23 గ్రాములైతే ఇది 15 గ్రాములే. ధర మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ.

మా యాషికాకు కావలసినవి రెండు బిళ్ళ సెల్లులు. వీటిలో ఎల్‌ఆర్–44 అనేది ఆల్కలైన్, ఎస్‌ఆర్–44 అనేది సిల్వర్ ఆక్సైడ్. సైజు రెంటికీ ఒకటే. సిల్వర్ ఆక్సైడ్‌ది 1.55 వోల్టులు, అది చివరిదాకా ఒకే తీరుగా కరెంటు ఇస్తుంది, చలిని కూడా ఆల్కలైన్ కంటే బాగా ఓర్చుకుంటుంది. మేము ఎస్‌ఆర్–44 బిళ్ళలు ఆరు తీసుకువెళ్ళాము.

నిమ్ములో ఒక మధ్యాహ్నం

మూడవ రోజున లేహ్ నుండి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న నిమ్ముకు వెళ్ళాము. అక్కడ జంస్కార్ నది వచ్చి సింధునదిలో కలుస్తుంది. వేసవిలో రెండు నీళ్ళ రంగులూ వేరుగా కనిపిస్తాయంటారు. మేము వెళ్ళినప్పుడు ఒడ్డుల వెంబడి మంచుపలకలు కట్టి, నడుమ నీరు పచ్చగా పారుతున్నది. జంస్కార్ లోయలో పైకి పోయేకొద్దీ నది గట్టిగా పేరుకొంటుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ మంచుమీదనే మనుషులు నడచిపోతారు. దానిని ‘చాదర్’ అంటారు, చాదరంటే దుప్పటి.

లోయలో గాలి కత్తివలె కోస్తున్నది. మా బావమరిది తన ఆటోమేటిక్ కెమెరా మెడలో వ్రేలాడదీసుకొని అరగంట తిరిగాడు. నాలుగు ఫోటోలు తీసేసరికి లెన్సు సగం బయటకు వచ్చి ఆగింది. లోపలికి పోదు, బయటకు రాదు. జేబులోంచి ఫోను తీస్తే అదీ చార్జింగు ముప్ఫయి వంతులు చూపిస్తూనే ఆరిపోయింది. మా యాషికాలో మీటరు దీపాలు మసకబడ్డాయి గాని మీట నొక్కితే షట్టరు ఠక్కున పడింది. ఆ కెమెరాలో షట్టరు నడిపేది స్ప్రింగులు, పళ్ళచక్రాలు. సెల్లుతో దానికి పనిలేదు. సెల్లు కావలసింది వెలుతురు కొలవడానికి మాత్రమే. పెంటాక్స్ కె–1000, నికాన్ ఎఫ్‌ఎమ్–2 వంటివి కూడా ఈ జాతివే.

మీటరు పూర్తిగా ఆరిపోయినా దారి ఉన్నది. పాత స్టూడియోవారికి కంఠతా వచ్చిన లెక్క ఇది: మంచి ఎండలో లెన్సు రంధ్రం 16 మీద పెట్టి, రీలు స్పీడు ఎంతో షట్టరు స్పీడు దాని దగ్గరి అంకె మీద పెట్టాలి. 200 రీలు అయితే 250 మీద. తెల్లని మంచు నడుమనైతే రంధ్రం 22కు తగ్గించాలి. నిమ్ములో మేము ఈ లెక్కమీదనే కొన్ని తీశాము.

తిరిగి వచ్చాక మా బావమరిది కెమెరాలోని సెల్లు తీసి ఆమా–లేకు చూపించి, చచ్చిపోయిందన్నట్టు చేతితో సైగ చేశాడు. ఆమె నవ్వి, దానిని తీసుకొని తాను తొడుక్కొన్న ‘గోంచా’ మడతలో, నడికట్టుకు పైన దోపుకొన్నది. గోంచా అంటే మందపాటి ఉన్ని అంగీ. అరగంట తరువాత తీసి ఇచ్చింది. వేసి మీట నొక్కితే లెన్సు గిర్రున లోపలికి పోయింది. సెల్లును పొయ్యి దగ్గర పెట్టవచ్చునా అని మేము అడిగితే ఆమె గట్టిగా తల అడ్డంగా ఊపింది. ఆ మాట నిజమే. నిప్పుసెగకు సెల్లు కారుతుంది, ప్రేలవచ్చు కూడా. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. సెల్లుకు అంత చాలు.

బ్యాటరీ ఎరుగని కాలం

లేహ్ పట్టణంలో మొరేవియన్ సంఘపు దేవాలయం ఉన్నది. ఆ సంఘపు మిషనరీలు 1885లో ఇక్కడ పని ప్రారంభించారు. వారిలో తరువాతి కాలపువాడైన ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకె లడఖ్ చరిత్రను, శాసనాలను శ్రద్ధగా సేకరించాడు. 1909లో ఆయన భారత పురావస్తు శాఖ పక్షాన సిమ్లా నుండి స్పితి మీదుగా లేహ్ వరకు ప్రయాణం చేశాడు. ఆయన వెంట నడచి ఫోటోలు తీసినవారు పిండీ లాల్ అనే భారతీయుడు. ఆ ఫోటోలతోనే 1914లో ఆ ప్రయాణ గ్రంథం వెలువడింది. ఆనాటి కెమెరాలకు సెల్లుతో పనిలేదు. కనుమలు దాటి బరువైన కెమెరా సామాను చేరవేయడమే వారి కష్టం. మా సంచి ఎంత తేలిక! అయినా వేలిగోరంత బిళ్ళ సెల్లు ఒకటి మొరాయిస్తే మా ప్రయాణం వృథా కావచ్చును. అందుకనే క్రిస్మస్‌కు ముందటి రాత్రి మేము కొంచెం జాగ్రత్తగా ఏర్పాటు చేసుకొన్నాము.

ఎస్‌ఆర్–44 బిళ్ళలు రెండు కెమెరాలో వేసి, కెమెరాను ఉన్ని శాలువలో చుట్టి పెట్టాము. మిగిలిన నాలుగింటిని రెండేసి చొప్పున కాగితంలో పొట్లం కట్టి, ఒక్కొక్కరి లోపలి చొక్కా జేబులో ఒక్కొక్క పొట్లం పెట్టుకొన్నాము. అదే జేబులో నాణేలుగాని తాళపుచెవులుగాని ఉంచలేదు. లోహం తగిలితే సెల్లు ఊరకనే ఖర్చయిపోతుంది. సెల్లు అడుగు మూత త్రిప్పడానికి ఒక రూపాయి నాణెం వేరే జేబులో పెట్టుకొన్నాము. సెల్లు తగిలే ఇత్తడి రేకులను పొడిగుడ్డతో తుడిచాము.

క్రిస్మస్ దినము

ఆరాధన అక్కడి భాషలో జరిగింది. పాటల రాగాలు కొన్ని మనకు తెలిసినవే. మేము మెల్లగా తెలుగులో కలిసి పాడుకొన్నాము. ఇరుగుపొరుగు పండుగలకు ఒకరింటికొకరు వెళ్ళడం అక్కడ అలవాటట; ఆమా–లే కూడా మా వెంట వచ్చింది. ఆరాధన ముగిసి అందరూ ఆవరణలో నిలబడి టీ త్రాగుతుండగా అబ్బాయి గేటు దగ్గర కనిపించాడు. దారిలో బండి ఆలస్యమైందట. రెండు గంటలకల్లా తిరిగి బండి ఎక్కాలన్నాడు. అప్పటికి ఒంటిగంట దాటింది.

మాకు పాదాభివందనం చేయబోతే ఆపి కౌగిలించుకొన్నాము. “బాబాయిగారూ, పిన్నిగారూ, అమ్మ ఎట్లున్నది? మోకాలు నొప్పి తగ్గిందా?” అని ఆ రెండే అడిగాడు. తల్లి పంపిన సున్నుండల డబ్బా చేతికిస్తే, మూత తీసి వాసన చూచి మళ్ళీ మూసివేశాడు.

ఆవరణలో ఎండ గోడవారకు పోయింది. కెమెరా గంటన్నరకు పైగా బయట చలిలో ఉన్నది. కంటికి ఆనించి మీట సగం నొక్కితే మీటరు దీపం వెలగలేదు. నీడలో ఎండ లెక్క పనికిరాదు. పైగా వెనుక తెల్లని మంచుకొండ, ముందు నల్లని మనిషి ముఖం. వెలుతురు కొలవకుండా తీస్తే ముఖం చీకటిగా వస్తుంది. ఆ తల్లి చూడాలన్నది ముఖమే.

లోపలి జేబులోని పొట్లం తీశాము. తొడుగులు విప్పిన వేళ్ళు కొయ్యబారి రూపాయి నాణెం కూడా జారిపోతున్నది. అబ్బాయే అందుకొని మూత త్రిప్పాడు. చల్లని బిళ్ళలు తీసి, ఒంటి వేడికి వెచ్చగా ఉన్న బిళ్ళలు వేశాము. కంటికి ఆనించేసరికి ఎర్రని చుక్క, ఆపైన పచ్చని చుక్క స్పష్టంగా వెలిగాయి. కెమెరాను ముందు అతని ముఖం దగ్గరకు తీసుకుపోయి వెలుతురు కొలిచి, ఆ లెక్కను మార్చకుండా వెనుకకు వచ్చి తీశాము. మంచును కొలిస్తే కెమెరా మోసపోతుంది. ముఖాన్ని కొలిస్తే ముఖం బాగా వస్తుంది. ఒక్కడినే నిలబెట్టి నాలుగు, ఆమా–లే పక్కన రెండు, మాతో రెండు. మా బావమరిది తన సెల్లును ఆరాధన అంతసేపూ బనీనులోనే దాచుకొన్నాడు. అతని కెమెరా కూడా ఆ రోజు మొరాయించలేదు.

రీలును మాత్రం మెల్లగా త్రిప్పాము. గట్టి చలిలో రీలు పెళుసుబారుతుంది. విసురుగా త్రిప్పితే తెగవచ్చు. పొడిగాలిలో ఉన్ని స్వెట్టరు విప్పేటప్పుడు చిటపటలాడుతుంది గదా, వేగంగా త్రిప్పితే రీలు మీద కూడా అటువంటి నిప్పురవ్వలు పుట్టి, కడిగించాక మెరుపుగీతలవలె కనిపిస్తాయి.

రెండు గంటలకు బండి వచ్చింది. సున్నుండల డబ్బా కోటు లోపల పెట్టుకొని ఎక్కాడు.

ఇంటికి చేరాక

చలిలోనుండి వచ్చిన కెమెరాను తిన్నగా వెచ్చని గదిలోకి తేకూడదు. ఐసు నీళ్ళ గ్లాసుకు చెమట పట్టినట్టు కెమెరాకు లోపలా బయటా తేమ పడుతుంది. ఆ తేమ రీలుకు, సెల్లు రేకులకు చెరుపు. కాబట్టి గుమ్మం బయటనే కెమెరాను ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి బిగించి లోపలికి తెచ్చి, రెండు మూడు గంటలు అట్లే ఉంచాము. తేమ సంచి మీద పడుతుంది, కెమెరా పొడిగా ఉంటుంది. సెల్లులను మాత్రం ముందే తీసి జేబులో వేసుకొన్నాము.

చదువరుల సౌకర్యం కొరకు ఈ సంగతులను ఒకచోట చేరుస్తున్నాము.

మొదటిది: చలి ప్రదేశానికి వెళ్ళేముందు కొత్త సెల్లులు వేయండి. సగం వాడిన సెల్లు మన ఊళ్ళో పనిచేసినా అక్కడ నిలబడదు.

రెండవది: రెండు జతలు ఉంచుకోండి. ఒకటి కెమెరాలో, ఒకటి ఒంటికి ఆనుకొని. మొదటిది నీరసించగానే మార్చి, దానిని వెచ్చబెట్టుకోండి. ఇట్లా మార్చి మార్చి వాడితే దినమంతా గడుస్తుంది.

మూడవది: ఫ్లాషుకు, టార్చికి వీలైతే లిథియం పెన్సిల్ సెల్లులు కొనండి. పాతవీ కొత్తవీ, ఆల్కలైన్‌వీ లిథియంవీ కలిపి వేయకండి.

నాలుగవది: ఫోటో తీయనప్పుడు కెమెరాను కోటు లోపల ఉంచుకోండి. నికాన్ వారు కొన్ని కెమెరాల కొరకు సెల్లులను కోటు జేబులో ఉంచి తీగతో కెమెరాకు కలిపే డిబి–2 అనే పెట్టెను కూడా చేసేవారు. ఇప్పుడు పాత సామానులోనే దొరుకుతుంది. ఆ పెట్టె చేసే పనే మన జేబూ చేస్తుంది.

అయిదవది: సెల్లులను నిప్పుమీదగాని, పొయ్యిమీదగాని, వేడినీళ్ళలోగాని వెచ్చబెట్టకండి.

ఆరవది తల్లిదండ్రులకు: బిళ్ళ సెల్లులు పిల్లలకు అందనీయకండి. మింగితే అన్నవాహికలో ఇరుక్కొని గంటల వ్యవధిలోనే లోపల కాల్చివేస్తుంది. అట్లా జరిగిందని అనుమానం వచ్చినా ఇంటివైద్యం చేయక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఊరికి వచ్చిన తరువాత రీలు నగరానికి పంపి కడిగించాము. ముప్ఫయి ఆరింటిలో నిమ్ములోవి రెండు తెల్లబోయాయి. క్రిస్మస్‌నాటివి ఎనిమిదీ బాగా వచ్చాయి. వాటిలో ఒకటి పెద్దది చేయించి, చట్రం కట్టించి తీసుకువెళ్ళాము. ఆ తల్లి కళ్ళజోడు పెట్టుకొని, వాకిట్లో వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూచింది. మేము మంచుకొండను చూపబోతే అటు చూడలేదు. “వాడి పెదవులు పగిలాయి తమ్ముడూ! వెన్న రాసుకోమని చెప్పలేదా?” అన్నది.

సెల్లుల సంగతి కూడా ఆమెకు చెప్పాము. పోస్టులో టార్చికి చలి పట్టినప్పుడు సెల్లులు చొక్కా లోపల పెట్టుకొమ్మని అబ్బాయికి వ్రాయమన్నాము. ఆమె ఉత్తరం వ్రాయించడంతో ఊరుకోలేదు. పాత ఉన్ని మఫ్లరు ముక్కతో నాలుగు సెల్లులు పట్టే చిన్న సంచి కుట్టి, మెడలో వేసుకోవడానికి తాడు కట్టింది. పెదవులకు రాసుకొనే వాజలీను డబ్బాతో కలిపి దానిని పార్సెలు చేయించింది. అడ్రసు మాత్రం మా చేత వ్రాయించుకొన్నది.